భాను లేపిన చిన్న కంప్యూటరు

కరకపుట్టు,
హుకుంపేట సంతకి ముందు రోజు, జూన్ నెల.

నా చిట్టీ,

అక్కడ అందరూ నిన్ను వెన్నెల గారూ అంటారని మీ నాన్న చెప్పాడు. అననీ. నాకు చిట్టివే. నేను చదివింది నాలుగో తరగతి దాకా. తప్పులుంటే నవ్వుకో గానీ ఎవరికీ చూపించకు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. టవర్ అందాలంటే వాటర్ ట్యాంకు గుట్ట ఎక్కాలి. అక్కడ ఎప్పుడు చూసినా నలుగురు ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటారు. నేను చెప్పేది ఆ నలుగురి ముందు చెప్పే మాట కాదు. రేపు మీ నాన్న సంతకి వెళ్తూ పోస్టులో వేస్తాడు. కవరు అంటించే ఇస్తాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. తమ్ముడి కంప్యూటరు పెట్టలేదు.

చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో ఉన్నదానివి, మన పద్ధతి నీకు పూర్తిగా తెలీదేమో. పోయినవాళ్ల ఒంటికి తగిలినవీ, చేతికి తగిలినవీ పెద్ద దినం నాడు వల్లకాట్లో పెట్టేస్తాం. ఒక్కోదాన్నీ కొంచెం చితక్కొట్టి పెడతాం, మళ్లీ ఎవరూ వాడకుండా. ఒక్కటి ఇంట్లో ఉండిపోయినా వాడు దానికోసం వెనక్కి చూస్తాడంటారు. నువ్వు మూడో రోజునే బస్సెక్కావు కదా, ఆ దినానికి నేనూ మీ నాన్నే వెళ్లాం. వాడి కంచం, దుప్పటి, చెప్పులు, ఆ ఎర్ర చొక్కా అన్నీ పెట్టాను. మీ పెదనాన్న గాసి బావ అన్నిటినీ చూసి, “అన్నీ వొచ్చినాయా దాలమ్మా?” అని అడిగాడు. “వొచ్చినాయి బావా” అన్నాను. అలా ఎలా అన్నానో నాకే తెలీదు. నోరు దానంతట అదే అనేసింది.

అప్పుడు ఆ కంప్యూటరు ఇంట్లో చోళ్ల బుట్ట వెనకాల ఉంది. గాలాడాలని పైన జల్లెడ కప్పాను.

వాడు పోయిన రోజు పొద్దున జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. అప్పుడు ఏడుపే అయింది. భానుగాడు దాన్ని కిటికీ పక్కన పెట్టి నన్ను పిలిచాడు. నల్లటి తెర, తెల్ల అక్షరాలు, కింద ఒక చిన్న గీత మినుకు మినుకుమంటోంది.

“ఏటిరా ఇది?” అన్నాను.

“నెట్టు సూసుకునే పేజీ ఉంటాది కదమ్మా, ఆ పేజీ లోపల ఇంకో సిన్న కంప్యూటర్ని లేపినాను. తాను పేజీలో ఉన్నానని దానికి తెలీదు. నిజం కంప్యూటర్నే అనుకుంటాది.”

“అయ్యో పాపం. ఎవులూ సెప్పలేదా దానికి?”

వాడు పడీ పడీ నవ్వాడు. “సెప్పకూడదమ్మా. సెప్తే పని సెయ్యదు. మన బడిలో ఆ మూలనున్న పాత కంప్యూటర్లలో కొత్తవి ఏవీ ఎక్కవు కదా. ఇదైతే ఒక ఫోటో అంతే ఉంటాది. ఒకపాలి పేజీ తెరిస్తే సాలు, తరవాత నెట్టు పోయినా నడుస్తాది.”

“నడిసి ఏటి సేత్తాది?”

“పెద్దగా ఏటీ సెయ్యదు. పిల్లలు రాసుకోవొచ్చు, లెక్కలు సేసుకోవొచ్చు. అంత సిన్నది నడవడమే గొప్పమ్మా.”

తరవాత బండి తాళం తీసుకున్నాడు. టైడాలో రైలు దిగే సాయినాథ్‌ని, అదే ఆ కాలేజీ స్నేహితుడిని, తీసుకురావాలన్నాడు. గుమ్మం దాటి మళ్లీ వెనక్కొచ్చి, “ఎంతసేపు పడిపోకుండా నిలబడతాదో సూడాల. ఆపకమ్మా. సాయంత్రం వచ్చి సూత్తాను” అన్నాడు.

మలుపులో బండి జారిందని మధ్యాహ్నం చెప్పారు.

ఆ మూడు రోజులూ దాన్ని ఎవరం చూడలేదు. ముందు చూసింది నువ్వే. అది ఇంకా నడుస్తూనే ఉంది. నా చెవిలో, “అమ్మా, ఇది పెట్టకు, ఆపకు” అన్నావు. వాడూ అదే అన్నాడు, నువ్వూ అదే అన్నావు. నేను ఇంక వేరే ఆలోచించలేదు.

వైరు గోడకే ఉంచాను. కరెంటు పోతే బుట్టలో పెట్టుకుని కింద రోడ్డు మీద భీముడి కొట్టుకి తీసుకెళ్తున్నాను, వాడి దగ్గర పెద్ద బ్యాటరీ ఉంది కదా. మొదటిరోజు వాడు, “ఏటత్తా, బుట్టలో కోడిపెట్టని తెచ్చినావా? గుడ్డు పెట్టినాదా?” అన్నాడు. “కోడి కాదురా, కంప్యూటరు. మా చిట్టిది” అన్నాను. ఇది రెండో అబద్ధం.

ఎన్నాళ్లు ఉంచాలో చెప్పు. సెలవు పెట్టి వచ్చి చూస్తానన్నావు. బేగి రా.

మీ అమ్మ
దాలమ్మ


విశాఖపట్నం,
జూన్ 24.

అమ్మా,

నీ ఉత్తరం ల్యాబు మెట్ల మీద కూర్చుని చదివాను. లోపల రక్త పరీక్షల రిపోర్టులు టైపు చేయమని పిలుస్తూనే ఉన్నారు, వెళ్లలేదు. నీ అక్షరాలు ఎప్పుడూ చూడలేదు నేను. తమ్ముడి అక్షరాల్లాగే కుడివైపు వాలి ఉన్నాయి.

జల్లెడ కప్పడం మంచి పని చేశావు. దానికి వేడి తగలకూడదు. దుప్పటి మాత్రం కప్పకు. మూత పూర్తిగా వెయ్యకు. కుడివైపు పైన ఇంటూ గుర్తులాంటిది ఉంటుంది, దాని దగ్గరికి బాణం గుర్తు వెళ్లనివ్వకు. అది నొక్కితే పేజీ మూసుకుపోతుంది. పేజీ లోపలున్న చిన్న కంప్యూటరు కరెంటు మీదే బతుకుతుంది, ఎక్కడా ఏమీ దాచుకోదు. ఆగితే పోయినట్టే.

తెర అడుగున ఒక అంకె ఉంటుంది చూడు. లేచిన దగ్గర్నుంచి ఎంతసేపు నడిచిందో అది లెక్కపెడుతుంది. అది పెరుగుతూ ఉంటే బాగున్నట్టు.

వాడు మొదలుపెట్టినవాటిలో ఇంకా నడుస్తున్నది అదొక్కటే కదమ్మా. చదువు ఆగింది. అద్దె గది ఖాళీ చేశారు. వాడి ఫోన్ నంబరుకి చేస్తే ఎవరో ఆడమనిషి హిందీలో మాట్లాడింది. అందుకే అడుగుతున్నాను, నేను వచ్చేదాకా ఉంచు.

సెలవు అడిగాను. ఇవ్వలేదు. జులైలో తప్పకుండా వస్తాను. పెదనాన్నకి చెప్పకు. చెబితే తీసుకెళ్లి పెట్టేస్తాడు.

నీ చిట్టి


కరకపుట్టు,
జులై నెల చివర. నాలుగు రోజుల నుంచి ముసురు.

చిట్టీ,

నువ్వు వస్తావని మీ నాన్న రెండుసార్లు రోడ్డు దాకా వెళ్లి గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. రాలేదని నేనేమీ అనడం లేదు. పని అంటే పనే కదా.

అది బాగానే ఉంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మినుకుమినుకుమనే గీత, అన్నీ ఉన్నాయి. దాని గురించి బెంగపడకు. ప్రతి ఉత్తరంలోనూ దాని గురించే అడగక్కర్లేదు.

మీ నాన్నకి తెలిసిపోయింది. ఆ మూల కప్పు కారుతోంది. నేను పొలం నుంచి వచ్చేసరికి జల్లెడ పైన రేకు ముక్క అడ్డంగా పెట్టి ఉంది. నేను పెట్టలేదు. ఆయన నన్ను అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు. భోజనం దగ్గర కూర్చుని ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

తరవాత ఒక పొద్దున లేచి కల వచ్చిందన్నాడు. భాను చెప్పులు చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడట. “లోపలికి రారా అన్నాను, రాడు. పోనీ ఎల్లు అన్నాను, ఎల్లడు. ఊరికే తడుస్తన్నాడు” అని చెప్పి ముఖం కడుక్కోవడానికి వెళ్లాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఈ కల మాట గాసి బావ దాకా వెళ్లింది. మీ నాన్న సుక్రు కడుపులో ఏ మాటా దాగదని నీకు తెలుసు, దాచాల్సినది మాత్రం దాచాడు. బావ వచ్చి అరుగు మీద కూర్చుని, “దాలమ్మా, అన్నీ పెట్టినావు కదా? మరిసిపోతే ఇప్పుడైనా పెట్టొచ్చు, తప్పు లేదు” అన్నాడు. అంత మెత్తగా అడిగాడు. “పెట్టినాను బావా” అన్నాను. ఈసారి నోరు దానంతట అది అనలేదు. నేనే అన్నాను.

కొత్త పండుగ వస్తోంది. కొర్రలు కోశాక ఊరంతా ఒకే రోజు కొత్త తినాలి, ఒక్క ఇల్లు తినకపోయినా మిగతా ఇళ్లు ముట్టకూడదు. పోయినవాళ్లని పూర్తిగా పంపని ఇంట్లో కొత్త తినకూడదు. ఈ రెండూ నీకు తెలుసో లేదో. నాకు ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తున్నాయి ఇప్పుడు.

ముసురుకి ఒంట్లో బాగోలేదు, ఉంటాను.

మీ అమ్మ


విశాఖపట్నం,
ఆగస్టు 9.

అమ్మా,

ఒంట్లో బాగోలేదని రాసి ఊరుకుంటే ఎలా? జ్వరమా? మాత్రలు వేసుకున్నావా? భీముడి చేత గుట్ట మీద నుంచి ఒక్కసారి ఫోన్ చేయించు.

ఈ నెల కూడా సెలవు దొరకలేదు. నా పక్క సీటు అమ్మాయి పెళ్లికి వెళ్లింది, ఆమె పని కూడా నాకే పడింది.

నీకు విసుగ్గా ఉందని తెలుసు. ఒక్క మాట చెప్పనీ. రాత్రి పడుకునేటప్పుడు, వాడు లేపింది అక్కడ చోళ్ల బుట్ట వెనకాల ఇంకా నడుస్తోంది కదా అనుకుంటాను. అప్పుడే కన్ను మూతపడుతుంది. అది లేకపోతే నేనేమైపోతానో తెలీదు.

తెర అడుగున ఉన్న అంకె ఇప్పుడు ఎంత అయిందో చూసి, ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. పెద్ద అంకె అయి ఉంటుంది. చూసి రాస్తే చాలు, చదవక్కర్లేదు.

నీ చిట్టి


కరకపుట్టు,
ఆగస్టు నెల, కొర్రలు కోసిన వారం.

చిట్టీ,

అంకె రాయమన్నావు. రాయలేను. అది చిన్నదైపోయింది.

నీకు పోయిన ఉత్తరంలో అబద్ధం రాశాను. అబద్ధం అంటే, నల్ల తెర ఉందన్నాను, ఉంది. తెల్ల అక్షరాలు ఉన్నాయన్నాను, ఉన్నాయి. వాడు లేపింది మాత్రం లేదు. అది ఆగిపోయింది చిట్టీ. ఆపేశాను అని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అంతే అనుకో.

నీలవేణి వాళ్ల చోడి నాట్లకి వెళ్లాను ఆ రోజు. నేను ఇంట్లోనే ఉండిపోయినా మన నాట్లకి వాళ్లు వచ్చారు, వెళ్లకపోతే బాగోదు. వాడు పోయాక నేను నలుగురిలోకి వెళ్లింది అదే మొదలు. అందరూ నన్ను చూసి మాటలు తగ్గించారు. నారు పాతుతున్న చప్పుడే. కొంతసేపటికి నీలవేణి అది ఓర్చుకోలేక గాసి బావ సంగతి ఎత్తుకుంది. సంతలో బావ వానకోటు కొన్నాడట, నెత్తి నుంచి మడమ దాకా పచ్చగా. అది తొడుక్కుని ఇంటికొస్తే సొంత కుక్కే గుర్తుపట్టక తరిమిందట. పందుల పాక మీదకి ఎక్కేశాడట.

“పైనుంచి ‘నానే, గాసినే! నానే, గాసినే!’ అని ఒకటే అరుపు. తాత పేరు, తండ్రి పేరు కూడా సెప్పీసినాడు ఆ కుక్కకి.”

“మరి కుక్క ఏటన్నాది?” అని ఎవరో అడిగారు.

“ఆధార్ కార్డు సూపించమన్నాది.”

నేను నవ్వాను చిట్టీ. ఊరికే నవ్వడం కాదు. గట్టు మీద కూలబడి, మట్టి చేతులతో నోరు మూసుకుని, కడుపు నొప్పొచ్చేదాకా నవ్వాను. నీలవేణి నన్ను చూసి ఇంకా ఎక్కువ చేసింది. కుక్కలాగా మొరిగింది, బావలాగా కాళ్లు ఎగరేసింది. మధ్యాహ్నం అందరితో కలిసి అంబలి తాగాను. రెండో ముంత కూడా అడిగి తాగాను. ఇంటికి దారిపట్టాక, రోడ్డు దగ్గర భీముడి కొట్టులో లైటు వెలగకపోవడం చూశాను. “కరెంటు పొద్దున్నుంచీ లేదత్తా. నువ్వు కోడిపెట్టని తేలేదేటా అనుకుంటన్నాను” అన్నాడు.

పొద్దున్నుంచీ.

పరుగెత్తాను. జల్లెడ తీశాను. తెర నల్లగా ఉంది, అక్షరాలు లేవు. గీత లేదు. దాని మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. వాడి చెయ్యి కూడా... వద్దులే.

వాడు నన్ను అడిగింది ఒక్కటే. పెళ్లి చెయ్యమనలేదు, పొలం రాయమనలేదు. ఆపకమ్మా అన్నాడు. ఏడ్చినన్నాళ్లూ అది నడిచింది. నవ్విన రోజున ఆగింది. నేను వాడిని మరిచిపోయింది ఆ ఒక్క పూటే, నీ మీద ఒట్టు.

మర్నాడు భీముడి దగ్గరికి తీసుకెళ్లాను. వాడు ఏదో నొక్కాడు, వెలిగింది. ఇంకేదో నొక్కాడు. “మూసుకుపోయిన పేజీ మళ్లీ తెరవాలా అని అడుగుతాంది. తెరిసీమంటావా?” అన్నాడు. తెరిచాడు. “ఇదుగో అత్తా, ఏటీ పోలేదు, నీ కూతురికి సెప్పు” అన్నాడు. తెర మీద ముందు ఎప్పుడూ చూడని మాట ఒకటి వచ్చింది. మన మాటలోనే ఉంది, కూడబలుక్కుని చదివాను.

లేసినాను. ఏటి కావాలి?

చిట్టీ, వాడే రాసిపెట్టి ఉంటాడు, లేచినప్పుడల్లా అలా అనమని. అది తెలుసు నాకు. కొట్టు ముందు బల్ల మీద కూర్చుండిపోయాను. భీముడు టీ ఇచ్చాడు, అది చల్లారిపోయింది. గీత అక్కడే మినుకుమంటూ ఉంది, నేను ఏదైనా చెబుతానేమో అని. అడుగున అంకె సున్నా నుంచి మొదలైంది.

దాన్నే నీకు ‘బాగానే ఉంది’ అని రాశాను. నీకు నిద్ర పట్టదని ఇప్పుడు రాశావు కదా, ఆ మాట ఒక్కటే రాసి ఉంటే ఈ ఉత్తరం కూడా రాసేదాన్ని కాదేమో. కానీ అంకె అడిగావు. ఎంత వేస్తే నమ్ముతావో లెక్క కట్టడానికి కూర్చున్నాను. నా చెయ్యి చూస్తే నాకే అసహ్యం వేసింది.

కొత్త పండుగ దగ్గరికి వచ్చేసింది. నేను నాలుగు ముద్దలు కూడా తినలేకపోతున్నాను. మీ నాన్న కంచం నా ముందుకి జరుపుతాడు, నేను ఆయన ముందుకి జరుపుతాను. ఊరంతా నా నోటి కోసం చూస్తుంది ఆ రోజు. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. తిట్టాలంటే తిట్టు.

మీ అమ్మ


విశాఖపట్నం,
ఆగస్టు 26. స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

అమ్మా,

నిన్ను తిట్టే ముఖం నాకు లేదు. ఇది పూర్తిగా చదువు. మధ్యలో ఆపి బాధపడకు.

ఆగితే పోయినట్టే అని నేను నీకు రాసింది నిజం కాదు. అది రాసేటప్పుడే నాకు తెలుసు.

వాడు చేసిన పని ఒక చిన్న ఫైలు. అది ఉన్నది ఆ కంప్యూటర్లో ఒక్కచోటే కాదు. వాడు సాయినాథ్‌కి ముందే పంపాడు. సాయినాథ్ దాన్ని నెట్టులో పెట్టాడు, ఆ లింకు నొక్కితే ఏ కంప్యూటర్లోనైనా, ఏ ఫోన్లోనైనా ఆ పేజీ తెరుచుకుంటుంది. తెరిచిన ప్రతిసారీ ఆ చిన్న కంప్యూటరు కొత్తగా లేస్తుంది. లేసినాను, ఏటి కావాలి అని అడుగుతుంది. నా ఫోన్లో ఉంది. బస్సులో తెరుస్తాను, దిగేటప్పుడు మూసేస్తాను. అంత్యక్రియలైన వారం నుంచీ ఉంది అమ్మా నా దగ్గర. నువ్వు వానలో బుట్ట పట్టుకుని భీముడి కొట్టుకి నడుస్తున్నప్పుడు కూడా ఉంది.

ఎంతసేపు నిలబడుతుందో అన్న పరీక్ష కూడా ఆ సాయంత్రం వరకే. సాయినాథ్‌ని అడిగాను. సాయంత్రం దాకా నిలబడితే చాలు, బడిలో పెట్టేద్దాం అన్నాడట తమ్ముడు. సాయంత్రం దాకా అది నిలబడింది. వాడు అడిగింది నువ్వు ఆ రోజే చేసేశావు.

మిగతా రోజులన్నీ నేను అడిగినవి.

సెలవు ఇవ్వలేదని రెండుసార్లు రాశాను. జులైలో ఇచ్చారు. ఇక్కడి బస్సు కాంప్లెక్సు దాకా వచ్చాను. హుకుంపేట మీదుగా వెళ్లే బస్సు కదలబోతోంది. కండక్టరు, “ఏమ్మా, ఎక్కుతావా, టాటా సెప్తావా?” అని అరిచాడు. ఎక్కలేదు. అది వెళ్లిపోయాక ఒక సమోసా కొనుక్కుని అక్కడే తిని రూముకి వచ్చేశాను. వాకిట్లో వాడి బండి ఉండదు, కిటికీ దగ్గర వాడు ఉండడు, అది చూడడం నా వల్ల కాదనుకున్నాను. నేను చూడలేనిదాని ముందు నిన్ను కాపలా కూర్చోబెట్టాను. నాన్న గొడుగు పట్టుకుని రోడ్డు మీద నిలబడింది ఆ రోజే అయి ఉంటుంది.

పెదనాన్నకి నువ్వు చెప్పిన అబద్ధాలు నేను చెప్పించినవి. ఆయనతో ఆ మాట నేనే చెబుతాను.

నువ్వు నవ్వినందుకు అది ఆగలేదమ్మా. కరెంటు పోయి ఆగింది. ఈ మాట నీ మనసు వినదని తెలుసు. నా ఫోన్లో నేను రోజూ మూసేస్తున్నాను, నన్ను ఏమంటావు మరి?

ఆదివారం వస్తున్నాను. ఈసారి ఎక్కుతాను. నేను వచ్చేదాకా ఆగు, ఇద్దరం కలిసే వల్లకాటికి తీసుకెళ్దాం. ఏదైనా అయి ఆగలేకపోతే ముందు ఆ ఇంటూ గుర్తు నొక్కు, తరవాత మూత వెయ్యి. అంతే.

నీ చిట్టి


కరకపుట్టు,
కొత్త పండుగ మర్నాడు.

చిట్టీ,

నీ ఉత్తరం పండుగ రోజు పొద్దున అందింది. ఆగమన్నావు. ఆగలేదు. ఆ తప్పు నాదే, నువ్వు వచ్చి కోప్పడు.

ఆగి ఉండాలంటే ఊరంతా కొర్రలు వండుకుని ఆదివారం దాకా కుండల ముందు కూర్చోవాలి. పొద్దున్నే పిల్లలు ఆకులు కడిగి పరిచేశారు. గాసి బావ ఇంటింటికీ తిరిగి, మీరు రెడీనా, మీరు రెడీనా అని అడుగుతున్నాడు, ఆ పచ్చ కోటు వేసుకునే. మన వాకిలికి వచ్చాడు. నేను నీ ఉత్తరం ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాను.

“బావా, ఒకటి పెట్టలేదు” అన్నాను.

ఆయన కోటు విప్పి అరుగు మీద పెట్టాడు. “రెండుపాలి అడిగినాను. నా మొకం మీదే పెట్టినానన్నావు” అన్నాడు.

“అన్నాను.”

“మరి ఇప్పుడెందుకు సెప్తన్నావు?”

“కొత్త తినాల కదా. అబద్ధంతో ఎలా తింతాను?”

నువ్వు ఉంచమన్నావని చెప్పలేదు. నువ్వు చెప్పుకుంటానన్నావు, చెప్పుకో. నా వంతు నాదే. పెట్టకుండా దాచింది నా చేతులు.

చూపించమన్నాడు. తెచ్చి పెట్టాను. మీ నాన్న స్తంభం దగ్గరే నిలబడిపోయాడు. నీలవేణి, భీముడు, ఇంకా చాలామంది వచ్చేశారు. ఇది చిట్టిది కాదు, భానుది అని భీముడికి అప్పుడే చెప్పాను. “తెలుసులే అత్తా. వెనకాల వాడి పేరు అంటించి ఉంది కదా” అన్నాడు. ఇన్నాళ్లూ తెలిసే ఊరుకున్నాడు ఆ గుంటడు.

బావకి చదువు రాదు. తెర వైపు చూసి, “ఏటి రాసున్నాది?” అన్నాడు.

“లేసినాను, ఏటి కావాలి అంటాది.”

“ఎవుల్ని అడుగుతాది?”

“ముందు ఎవులు కూకుంటే ఆలని.”

ఆయన కొంచెం వెనక్కి జరిగాడు. “దాలమ్మా, ఇది వాడేనా?”

నన్ను అడగడానికి అందరూ భయపడుతున్న మాట ఆయనే అడిగాడు. ఈ మూడు నెలలూ నన్ను నేను ఆ మాట అడగలేదు. జల్లెడ కప్పాను, వానకి తడవనివ్వలేదు, కరెంటు పోతే ఎత్తుకుని నడిచాను. ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది.

“కాదు బావా. వాడు సేసినది. వాడు ఎల్లిపోనాడు.”

పైకి అనేశాను. మీ నాన్న అప్పుడు ఏడ్చాడు. అంత్యక్రియల్లో కూడా ఏడవనివాడు, స్తంభం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ని కూడా నేనే ఇన్నాళ్లు ఆపి ఉంచానేమో.

నీ ఉత్తరంలో లింకు సంగతి చదివి వినిపించాను. వాడు చేసింది వేరేచోట ఉంటుంది, బడిలో పిల్లలు కూడా తెరుచుకోవచ్చు అన్నాను. బావ కాసేపు లెక్కవేసుకున్నాడు. “అలగైతే మంచిదే. వాడు నాటిన కాఫీ మొక్కలు మనం పీకలేదు కదా. ఇదీ అలాగే ఉండనీ. ఈ పెట్టె మాత్రం వాడి సేతికి తగిలినాది. ఇది ఎల్లాల” అన్నాడు.

భీముడు తల గోక్కుంటూ, “పెద్దయ్యా, మంచి సరుకు, వానకి పాడైపోద్ది. నాకిచ్చీయండి, వాడి పేరు సెప్పుకుని వాడుకుంతాను” అన్నాడు.

“నువ్వు సచ్చినాక నీ కొట్టు నాను అలాగే వాడుకుంతాన్లే, పద” అన్నాడు బావ. జనం నవ్వారు. నాకు కూడా పెదవి కదిలింది. ఆపుకున్నాను.

వల్లకాటిలో వాడి దుప్పటి వానకి నాని ఆకుల రంగుకి వచ్చింది. కంచం తుప్పు పట్టింది. రాయి మీద కంప్యూటరు పెట్టి, నువ్వు రాసిన ఇంటూ గుర్తు నొక్కాను. నిజంగా మూసెయ్యాలా అని అడుగుతుంది, అప్పుడు ఒక్క నిమిషం దొరుకుతుంది అనుకున్నాను. ఏమీ అడగలేదు. పోయింది. మూత వేశాను. చితక్కొట్టడానికి మీ నాన్న రాయి ఎత్తాడు, చెయ్యి దిగలేదు. నాకు ఇచ్చాడు. మూల మీద ఒక్క దెబ్బ వేశాను. చాలన్నాడు బావ. వెనక్కి తిరిగి చూడకుండా రావాలి కదా, అలాగే వచ్చాను. నా కాళ్లు వచ్చాయి. మిగతాది వచ్చిందో లేదో తెలీదు.

ఊరంతా ఆకుల ముందు కూర్చుని మాకోసం చూస్తున్నారు. నన్ను ముందు తినమన్నారు. కొత్త కొర్రలు, చిక్కుడు గింజలు. నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంటుందనుకున్నాను. అలా ఉంటే బాగుండేది. రుచిగా ఉంది చిట్టీ. వాడు లేకుండా పండిన కొర్రలు అంత రుచిగా ఉన్నాయి. రెండోసారి వేస్తే వద్దనలేదు. అది ఎవరికీ చెప్పుకోలేను, అందుకే నీకు రాస్తున్నాను.

నీ ఫోన్లో ఉన్న పేజీ నాకు వచ్చిన వెంటనే చూపించకు. ఎప్పుడో ఒకరోజు నేనే అడుగుతాను. బస్సులో తెరిచి మూస్తున్నందుకు నిన్ను నేనేమీ అనను. అనే నోరు నాకూ లేదు.

ఈ ఉత్తరం వెళ్లేలోపు నువ్వే వస్తావో, మళ్లీ కాంప్లెక్సు దాకా వచ్చి ఆగిపోతావో. ఆగిపోతే ఆగిపో. ఇంకో ఆదివారం ఎక్కుదువు గాని. అప్పుడు కూడా సమోసాలు తిని పడుకోకు. వేళకి అన్నం వండుకుని, కడుపునిండా తిను.

మీ అమ్మ